నర్సు రమణి ఒప్పుకోలు

"పది నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అంకారావు, గడియారం మీద వేలితో తట్టి. "ఇప్పుడు పన్నెండూ ఇరవై. పన్నెండున్నరకి జీపు కదలాల. మూడు గంటలకి ఆత్మకూరులో మెజిస్ట్రేట్ ముందర ఈ పిల్ల నిలబడాల. పాత పరిచయం కొద్దీ లోపలికి రానిచ్చినా రేణుకమ్మా. ఇంకొకరైతే గేటు దగ్గర్నుంచే పంపించేసుందును."

"మీ మాటలకే ఒక నిమిషం పోయింది సార్," అంది రేణుకాదేవి, కుర్చీ లాక్కుంటూ.

రేణుకాదేవి హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి, మూడేళ్ళ కిందట స్వచ్ఛందంగా ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఆత్మకూరులో విత్తనాల కొట్టు పైన చిన్న గదిలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. అంకారావు కొత్తగా ఎస్సైగా చేరినప్పుడు అతని కేసు డైరీలన్నీ రాసింది ఆమే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అతనికి కొంచెం ఎక్కువ గుర్తుంది. అందుకే ఆమె కనపడితే చాలు, ముఖం ముడుచుకుంటాడు.

ఆ రోజు ఉదయం ఏడు గంటలకు రమణి తల్లి ఆ గది మెట్లెక్కి వచ్చి చెప్పింది ఒకే మాట. "నా కూతురు అబద్ధం చెప్తా ఉండాది మేడం. ఎందుకో నాకు తెలవదు. మధ్యాహ్నం మూడు గంటల్లోపల మీరు కనుక్కోండి."

రమణి ఉదయగిరిలో డాక్టర్ రాజమోహన్ నడిపే పద్నాలుగు పడకల ఆసుపత్రిలో నర్సు. నిన్న, బుధవారం, మధ్యాహ్నం రెండూ నలభైకి ఆ ఆసుపత్రిలో కొండలయ్య అనే గొర్రెల కాపరి ఊపిరాడక చనిపోయాడు. సీతారామపురం అవతల ఒక పల్లె ఆయనది. గంటలో నలభై మంది చుట్టాలు దిగారు. కిటికీ అద్దాలు పగిలాయి. డాక్టర్ని బయటికి లాగమని కేకలు వేస్తుంటే రమణి వరండాలోకి వచ్చి నిలబడింది. "నేనే ఆపినాను. అడ్వాన్సు కట్టలేదని ఆక్సిజన్ సిలిండర్ మూత నేనే తిప్పేసినాను. డాక్టర్‌కి తెలవదు," అంది.

పోలీసుల ముందు చెప్పిన మాట కోర్టులో నిలవదు. అదే మాట మెజిస్ట్రేట్ ముందు చెబితే మాత్రం ఆ అమ్మాయి మెడకు చుట్టుకుంటుంది. మళ్ళీ విప్పడం ఎవరి వల్లా కాదు.

పంచనామా కోసం స్టేషన్ నుంచి తెచ్చిన రమణి, ఆసుపత్రి ముందు గదిలో ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ళుంటాయి. పక్కన మహిళా కానిస్టేబుల్.

"ఎన్ని గంటలకి ఆపినావు?" అంది రేణుకాదేవి.

"రెండున్నరకి."

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"రెండూ పద్దెనిమిదికి. గాలి మిషన్ ఆగిపోయింది. కామయ్యన్న చిన్న సిలిండర్ తెచ్చి బిగించి పొయ్యినాడు. ఎనిమిది నిమిషాలు పెట్టి, రెండున్నరకి ఆపేసినా."

"డాక్టర్ ఎక్కడ?"

"రెండూ అయిదు నుంచి మూడు దాకా ఆపరేషన్ గదిలో. కాన్పు కేసు."

ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు వస్తోంది. పరీక్షకు బట్టీ పట్టిన పిల్ల కూడా మధ్యలో ఒకసారి తడబడుతుంది. రమణి తడబడలేదు.

"నువ్వు ఆపినాక కొండలయ్య ఏం చేసినాడు?"

రమణి తల వంచుకుంది. ఈసారి చాలాసేపు పట్టింది.

"నా చెయ్యి పట్టుకున్నాడు."

"గాలి ఆపిన మనిషి చెయ్యా?"

 రేణుకాదేవి ముందుకు వంగి ఆ పిల్ల రెండు చేతులూ తిప్పి చూసింది. రెండు బొటనవేళ్ళ మొదట్లోనూ చర్మం ఎర్రగా కమిలి, ఒక చోట పొక్కు లేచి ఉంది.

"ఇదేంది?"

"బట్టలు ఉతికినా."

"ఎప్పుడు? రాత్రంతా స్టేషన్‌లో ఉంటివి కదా?"

రమణి చేతులు వెనక్కి లాక్కుంది. "మేడం, మా అమ్మకి చెప్పండి. ఇంక ఎవర్నీ తీసుకురావద్దని. నేను పోతే ఇంకో నర్సు వస్తాది. కానీ..."

"కానీ?"

"ఏం లేదు."

"టైం!" అన్నాడు అంకారావు గుమ్మంలోంచి.

రేణుకాదేవి లేచింది. "సార్, సిలిండర్ మూత తిప్పి చూసినారా?"

"ఎందుకు చూడాల? మూత మూసి ఉండాది, ముల్లు సున్నా మీద ఉండాది. మూసింది నేనే అని ఆమె చెప్తా ఉండాది. సాక్ష్యాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రేపు నెల్లూరు నుంచి ఫోరెన్సిక్ వాళ్ళు వస్తారు."

"అడ్వాన్సు కట్టలేదని ఎవరు చెప్పినారు?"

"ఆసుపత్రి లెక్కల పుస్తకం చెప్పింది. కొండలయ్య పేరుకి ఎదురుగా ఖాళీ."

"ఆయన భార్యని అడిగినారా?"

"మొగుడు పోయి ఏడుస్తా ఉండే మనిషిని రసీదు చూపించమంటామా? మీరు చెప్తారు రేణుకమ్మా, ఇప్పుడు మీకు పై అధికారి లేడు, రిపోర్టు లేదు. తీరిగ్గా కూర్చోని గోడల మీద బొద్దింకలు లెక్కబెట్టుకోండి. ఈ కేసు నిన్న సాయంత్రమే అయిపోయింది."

"అయిపోయిన కేసుకి వార్డు దగ్గర కాపలా కానిస్టేబుల్ ఎందుకు సార్ మరి?"

అంకారావు ముఖం కందిపోయింది. "రూల్సు," అని విసురుగా వెళ్ళిపోయాడు.

పన్నెండూ ముప్పై ఒకటికి జీపు గేటు దాటింది. వెనక సీట్లో రమణి తల ఎత్తి ఆసుపత్రి బోర్డు వైపు చూడటం రేణుకాదేవి గమనించింది. జైలుకు పోయే మనిషి తల్లి కోసం వెతుక్కుంటుంది. ఈ పిల్ల బోర్డు చూసింది.

రేణుకాదేవి వార్డులోకి పోకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. అక్కడ రేకుల కింద ఆరు గొర్రెలు, రెండు పొట్టేళ్ళు కట్టేసి ఉన్నాయి. ఆసుపత్రి పెరట్లో గొర్రెల దొడ్డి ఏమిటని పొద్దున రాగానే ఆమెకు అనుమానం వచ్చింది. దొడ్డి గోడకు ఆనుకుని కొండలయ్య భార్య వెంకమ్మ కూర్చుని ఉంది. శవం పోస్టుమార్టం గదిలో ఉంది. చుట్టాలు అక్కడికి పోయారు. ఈమె మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

"వెంకమ్మక్కా, ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"ఇది మేత తినడం లేదమ్మా." వెంకమ్మ పక్కనున్న గొర్రెను చూపించింది. "ఆయన చేత్తో పెడితేనే తింటాది."

రేణుకాదేవి పుట్టింది మర్రిపాడు వైపు గొర్రెల కాపరుల ఇంట్లో. చెయ్యి తనంతట తానే గొర్రె చెవి దగ్గరికి పోయింది. ఎడమ చెవి కొసన చేప తోకలా చీలిక, కుడి చెవి అంచున ఒక గాటు. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. తాతల నాటి నుంచి అదే గుర్తు. మందలు కలిసిపోయినా చెవి చూసి విడదీస్తారు.

"మీ ఇంటి గాటేనా?"

"మాదే."

"ఇక్కడికెట్లా వచ్చింది?"

"నిన్న పదకొండింటికి ఆయనతోపాటే ఆటోలో వచ్చింది. చేతిలో డబ్బుల్లేవు. ఈ డాక్టరు గొర్రె తీసుకుంటాడని మా ఊరోళ్ళు చెప్పినారు. మా ఊళ్ళో అందరూ అట్లానే చూపించుకుంటారు. ఆ నర్సు పాపే తాడు అందుకునింది. దీని కాలు ఆటో రేకుకి గీరుకుంటే, 'అవ్వా, ఉండు' అని గుడ్డ కూడా కట్టింది."

ముందు కాలికి తెల్లటి ఆసుపత్రి కట్టు ఉంది. దారం కొసలు చక్కగా కత్తిరించి ఉన్నాయి.

రేణుకాదేవి ఆ కట్టు వైపే చూస్తూ ఉండిపోయింది. అడ్వాన్సు కట్టలేదని మనిషికి గాలి ఆపిన నర్సు, అడ్వాన్సుగా వచ్చిన గొర్రె కాలికి కట్టు కట్టిందా!

"ఈ మాట పోలీసులకి చెప్పలేదేం అక్కా?"

"ఎవరడిగినారమ్మా?" అంది వెంకమ్మ. "మందుల షాపుకి పంపిస్తే పోయినా. వచ్చేసరికి రెండూ నలభై అయిందంట, ఆయన పోయినాడంట. మా వాళ్ళు రాళ్ళేసేటప్పుడు నాకు తెలివి లేదు. ఆ పాప ఆపిందంటే మాత్రం నాకు నమ్మకం కుదర్లేదు. ఆపే మనిషి ముఖం అట్లా చెమటలు కారతాదా? జాకెట్టంతా తడిసిపొయ్యి ఉన్నాది."

రేణుకాదేవి లోపలికి వచ్చేసరికి వరండాలో హడావుడిగా ఉంది. డాక్టర్ రాజమోహన్ గుడ్డలో చుట్టిన పసికందును అంబులెన్సులోకి అందిస్తున్నాడు. నిన్న ఆపరేషన్ చేసిన చైత్ర అనే ఆమె బిడ్డ. ఒక రోజు వయసు. పొద్దున్నుంచి ఆయాసపడుతోంది. ఆత్మకూరులో పిల్లల డాక్టర్ దగ్గరికి పంపుతున్నారు. బిడ్డ వెంట నాయనమ్మ ఎక్కింది. డ్రైవర్ మస్తాన్ తలుపు వేశాడు. పన్నెండూ యాభైకి అంబులెన్సు కూత పెట్టుకుంటూ పోయింది.

రాజమోహన్ పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అరవై దాటిన మనిషి. నిన్నటి చొక్కానే వేసుకుని ఉన్నాడు.

"డాక్టర్ గారూ, గొర్రెలు పుస్తకంలో ఎందుకు రాయరు?"

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఏమని రాసేదమ్మా? వైద్యం చేసి గొర్రెని తీసుకున్నా అని రాసుకునేదా? నా కూతురు కూడా డాక్టరే. ఆ పుస్తకం ఎప్పుడైనా చూస్తే..." తువ్వాలు కోసం అటూ ఇటూ చూశాడు. దొరకలేదు. చొక్కాకే తుడుచుకున్నాడు. "ప్రభుత్వం కార్డు మీద చేసిన ఆపరేషన్ల బిల్లులు తొమ్మిది నెలలుగా రాలేదు. జీతాల్లేక ఇద్దరు నర్సులు మానేసినారు. రమణి ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఆమె కూడా లేదు. అందుకే ఆ బిడ్డ వెంట పంపడానికి నర్సే లేదు. నేను పోదామంటే చైత్రకి ఇంకా రక్తం ఆగలేదు."

"రమణి ఎందుకు చేసిందనుకుంటున్నారు?"

"ఆరేళ్ళుగా నా దగ్గరుండాది. రాత్రంతా ఆలోచించినా. నాకు అర్థం కాలేదు." ఆయన గొంతు తగ్గింది. "నా మీద పడబొయ్యే రాళ్ళకి అడ్డం వచ్చిందేమో అని ఒకసారి అనిపించింది. అడుగుదామనుకున్నా. ఆ జవాబు వినాలంటే భయమేసింది."

"ఆక్సిజన్ ఎవరిస్తారు మీకు?"

"పెద్ద కంపెనీ వాళ్ళు పాత బాకీ తీర్చందే ఇవ్వమన్నారు. మూడు నెలల నుంచి శాంతికుమార్ అని ఒకతను వ్యానులో తెచ్చిస్తా ఉండాడు. డిపాజిట్టు అడగడు. డబ్బు లేకపోతే పొట్టేలు తీసుకుపోతాడు. ఇట్లాంటి చిన్న ఆసుపత్రులన్నిటికీ అతనే ఇప్పుడు."

లోపల్నుంచి చైత్ర మూలుగు వినపడింది. డాక్టర్ మాట మధ్యలో వదిలేసి పరుగెత్తాడు.

వార్డు తలుపు దగ్గర కాపలా కానిస్టేబుల్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో వైర్‌లెస్ సెట్టు.

"మేడం, సారు తిడతాడు," అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

"నేను ఏదీ ముట్టుకోను నాయనా. చేతులు వెనక్కి కట్టుకుంటా. నువ్వు వెంట రా."

నాలుగు మంచాల వార్డు. మూడు ఖాళీ. నాలుగో మంచం పక్కన కరెంటుతో ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషన్, దాని పక్కన నడుమెత్తు నల్ల సిలిండర్. దాని తలకు బిగించిన గుండ్రటి మీటర్‌లో ముల్లు సున్నా మీద ఉంది. రేణుకాదేవి మంచం చుట్టూ ఒకసారి తిరిగింది. కిటికీ ఊచకు ఒక రబ్బరు మాస్కు తగిలించి ఉంది. దానికి అతికించే గాలి తిత్తి కిటికీ గట్టు మీద ఆరబెట్టి ఉంది. ఊపిరి అందని మనిషి ముక్కు మీద మాస్కు పెట్టి, ఆ తిత్తిని రెండు చేతులతో పిసుకుతూ గాలి కొడతారు.

"ఇది నిన్న ఎవరు వాడినారు?"

"తెలవదు మేడం. మేం వచ్చేసరికే కడిగి ఆరేసి ఉన్నాది."

కమిలిన బొటనవేళ్ళు, తడిసిన జాకెట్టు, కడిగి ఆరేసిన తిత్తి! రెండూ ఇరవై రెండు నుంచి రెండూ నలభై దాకా, పద్దెనిమిది నిమిషాలు రమణి ఒక్కతే కొండలయ్యకు ఊపిరి పోయడానికి పెనుగులాడింది. పక్కన సిలిండర్ ఉండగా తిత్తి ఎందుకు పిసికింది?

"మూత తిప్పు," అంది రేణుకాదేవి.

"అయ్య బాబోయ్!"

"నువ్వే తిప్పు. పోలీసు చెయ్యి అయితే సాక్ష్యం చెడదు. ఫోనులో వీడియో నేను తీస్తా. మీ సారు అడిగితే నేనే బెదిరించినానని చెప్పు. నేను బెదిరిస్తానని ఆయనకి బాగా తెలుసు."

కానిస్టేబుల్ చేతికి రుమాలు చుట్టుకుని, సిలిండర్ మూత తిప్పే తాళంచెవి పెట్టి తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. ఇద్దరూ మీటర్ వైపు చూశారు.

ముల్లు కదల్లేదు. బుస్సుమన్న శబ్దం లేదు. ఏమీ లేదు.

"ఖాళీ," అన్నాడు కానిస్టేబుల్. "మూసినా తెరిచినా ఒకటే కదా మేడం! మరి ఆ పిల్ల ఎందుకు..."

అప్పుడు అర్థమైంది రేణుకాదేవికి. 'నేను పోతే ఇంకో నర్సు వస్తాది. కానీ...' ఆ మాటకు మిగతా సగం దొరికింది. కానీ ఆసుపత్రి పోతే ఇంకో ఆసుపత్రి రాదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ లేక మనిషి పోయాడంటే లైసెన్సు పోతుంది, తాళం పడుతుంది. నర్సు కావాలని ఆపిందంటే నర్సు ఒక్కతే పోతుంది. ఆ నలభై మంది ముందు నిలబడి ఆ పిల్ల ఆ లెక్కే వేసుకుంది. ఖాళీ సిలిండర్ మూత మూసి, నేరం నెత్తిన వేసుకుంది.

టైం చూసింది. ఒంటిగంటా ఎనిమిది. మూడు గంటలకు ఇంకా వ్యవధి ఉంది. ఈ వీడియో చాలు, మెజిస్ట్రేట్ ముందు రమణి నోరు తెరవకముందే ఆపొచ్చు. ఆమెకు కొంచెం ఊపిరి తిరిగింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఖాళీ సిలిండర్ మంచం దగ్గరికి ఎట్లా వచ్చింది?

"కామయ్యా!" అని కేక వేసింది.

కామయ్య ఆసుపత్రి అటెండరు. యాభై ఏళ్ళ మనిషి, కుడి కాలు కొంచెం ఈడుస్తాడు. గుమ్మంలోకి వచ్చి, సిలిండర్ వైపు చూడకుండా నిలబడ్డాడు.

"నిన్న దీన్ని ఎక్కడ్నుంచి తెచ్చినావు?"

"స్టోరు గదిలోంచి మేడం."

"వాడేసిన ఖాళీ సిలిండర్ తెచ్చినావు కదా? పొరపాటు అయింది కదా?"

"ఖాళీదా?" కామయ్య ముఖంలోకి రోషం వచ్చింది. "పద్దెనిమిదేండ్లు చేస్తా ఉండా మేడం. ఖాళీది ఏదో నిండుది ఏదో తెలవదా నాకు? సీలు ఉండేది. ఎర్ర ప్లాస్టిక్కు సీలు. నా చేత్తోనే కోసి బిగించినా. మీటర్ చూడలేదు, అది నిజమే. జనరేటర్ ఆపరేషన్ గదికి మార్చాల కదా, పరుగెత్తినా."

"రమణికి సీలు సంగతి తెలుసా?"

"ఆ పాప అప్పుడు ముసలాయన దగ్గరుండాది. సీలు నేను స్టోరులోనే కోసినా."

కామయ్య స్టోరు గది చెత్తబుట్ట తెచ్చి కుమ్మరించాడు. ఎర్ర ప్లాస్టిక్కు ముక్క దొరికింది. దానికి కాగితపు చీటీ వేలాడుతోంది. నింపిన తేదీ, సిలిండర్ నంబరు ఉన్నాయి. ఆ నంబరూ సిలిండర్ మెడ మీది నంబరూ ఒకటే.

రేణుకాదేవి ఆ రెండు నంబర్లనూ ఇంకోసారి పోల్చి చూసింది. రమణికి సిలిండర్ ఖాళీ అని తెలుసు, సీలు ఉందని తెలియదు. కామయ్యకు సీలు ఉందని తెలుసు, ఖాళీ అని తెలియదు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుని ఉంటే నిన్ననే బయటపడేది. మధ్యలో ఆ పిల్ల అబద్ధం అడ్డం నిలిచింది. ఖాళీ సిలిండర్లకే సీలు వేసి ఎవడో అమ్ముతున్నాడు.

"శాంతికుమార్ తెచ్చిందేనా ఇది?"

"ఆ. సోమవారం పొద్దున. రెండు దించి, రెండు పొట్టేళ్ళు ఎక్కించుకొని పొయ్యినాడు."

"రెండా? రెండోది ఎక్కడ?"

"అంబులెన్సులో మేడం," అన్నాడు కామయ్య. "ఆ బిడ్డ కోసం."



"మస్తాన్ బండిలో ఉండేది అరగంటకే సరిపోతాది. దోవలో మార్చుకోమని ఇది ఎక్కించినా. మస్తాన్‌కి మూత తిప్పడం వచ్చు."

మూత తిప్పడం వచ్చు, మీటర్ చూడటం రాదు. బిగించి, మూత తిప్పి, గాలి వస్తోందనుకుని మళ్ళీ స్టీరింగు పట్టుకుంటాడు. వెనక ముసలావిడకు ఏమీ తెలియదు. ఆ బిడ్డకు ఏడ్వడానికి కూడా ఊపిరి ఉండదు.

రేణుకాదేవి మస్తాన్‌కు ఫోను చేసింది. రెండోసారి, మూడోసారి. కొండ మలుపుల్లో సిగ్నల్ ఉండదు. ఒంటిగంటా పన్నెండు. బండి బయల్దేరి ఇరవై రెండు నిమిషాలు. ఇంకో ఎనిమిది నిమిషాల్లో మొదటి సిలిండర్ అయిపోతుంది.

"సెట్టు ఇటివ్వు!"

కానిస్టేబుల్ తనే మీట నొక్కి అంకారావును పిలిచి, సెట్టు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"సార్, నేను రేణుకాదేవిని. జీపు వెనక్కి తిప్పండి. మీ వెనక అంబులెన్సు వస్తా ఉండాది. అడ్డం పెట్టి ఆపండి."

"సెట్టులో మీరేంది?" అంకారావు గొంతు గరగరలాడింది. "కోర్టుకి ఆలస్యం చెయ్యడానికి ఇదొక ఎత్తా? ఆ కానిస్టేబుల్ సంగతి నేను వచ్చినాక..."

"తిట్లు తర్వాత తిట్టండి. నిన్నటి సిలిండర్ ఖాళీ. సీలు కోసింది కామయ్య, సీలుతో ఉండేదే ఖాళీ. దాని జత సిలిండర్ ఆ అంబులెన్సులో ఉండాది. ఒక్కరోజు బిడ్డ సార్. వెంట నర్సు లేదు. ఆ దోవ మొత్తానికి ఉండే ఒక్క నర్సు మీ జీపులో కూర్చోని ఉండాది."

సెట్టు గరగరలాడింది. ఆ గరగరలోంచి దూరంగా రమణి గొంతు వినపడింది. "సీలు ఉన్నిందా? కామయ్యన్న సీలు కోసినాడా? అయ్యో! సార్, తిప్పండి! దేవుడా, నేను చెప్పలేదు! తిప్పండి సార్!"

టైర్లు కీచుమన్నాయి. సెట్టు ఆగిపోయింది.

ఎనిమిది నిమిషాలు. కామయ్య గోడకు చేరగిలబడి కింద కూర్చుండిపోయాడు. డాక్టర్ రాజమోహన్ గుమ్మంలోకి వచ్చి కానిస్టేబుల్ నోట సంగతంతా విని, తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. రేణుకాదేవి గడియారం చూడటం మానేసింది. చూస్తే ముల్లు కదలడం లేదనిపిస్తోంది.

ఒంటిగంటా ఇరవై ఒకటికి సెట్టు పలికింది.

"ఆపినాం." అంకారావు రొప్పుతున్నాడు. "మస్తాన్ అప్పుడే కొత్తది బిగించబోతా ఉన్నాడు. పాత దాంట్లో ఇంకా కొంచెం ఉండాది. వీడు పెద్దోళ్ళకి పెట్టినట్టు గాలి నిండా తెరిచేసినాడంట. బిడ్డకి అందులో పావు వంతు చాలంట. ఆ పిల్ల తగ్గించింది. అట్లా పెడితే ఆత్మకూరు దాకా వస్తాదంటా ఉండాది. బిడ్డ రంగు తిరిగింది." బండి తలుపు మూసిన చప్పుడు వినపడింది. "అంబులెన్సులో ఆమెతోపాటు నేనూ ఎక్కినా. ముందర జీపు పోతా ఉండాది. కోర్టుకి కాదులెండి, ఆసుపత్రికి. మీతో మాట్లాడాలంట."

"మేడం." ఈసారి పలికింది రమణి. "ఆక్సిజన్ లేదని అందరికీ చెప్పేసినారు కదా. ఇంక మన ఆసుపత్రి మూసేస్తారు కదా?"

రేణుకాదేవి డాక్టర్ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. లోపలి గదిలో చైత్ర నీళ్ళు అడుగుతోంది.

"బిడ్డని చూసుకో," అంది రేణుకాదేవి. 

సెట్టు కట్టేసి, కామయ్య వైపు తిరిగింది. "సోమవారం వ్యానులో ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"పన్నెండు, పదమూడు ఉంటాయి మేడం. కలిగిరికి, మర్రిపాడుకి ఇయ్యాలన్నాడు."

"నంబర్లు డాక్టర్ గారి దగ్గర ఉంటాయి," అంది ఆమె కానిస్టేబుల్‌తో. "ముందు గదిలోకి పొయ్యి అన్ని ఆసుపత్రులకీ ఫోను చెయ్యి. శాంతికుమార్ సిలిండర్ ఏదీ ముట్టుకోవద్దని చెప్పు. డాక్టర్ గారూ, మీరూ పొండి." ఇద్దరూ వెళ్ళారు. "కామయ్యా, ఆ శాంతికుమార్ మళ్ళీ కనపడినాడా?"

"కనపడలేదు. నిన్న సాయంత్రం ఫోను చేసినాడు. ముసలాయన సంగతి విన్నాడంట. పాపం అన్నాడు. ఆ సిలిండర్ ఎక్కడ పెట్టినారని అడిగినాడు. వార్డులోనే ఉండాది, శుక్రవారం ఫోరెన్సిక్ వాళ్ళు వస్తారంట అని చెప్పినా."

చెప్పాక తను చేసిన పని కామయ్యకే అర్థమైంది.

కొండలయ్య చావుకి శాంతికుమార్‌ని పట్టించే అసలు సాక్ష్యం ఆ నల్లటి సిలిండర్. పెరటి వైపు వ్యాను ఆగిన చప్పుడైంది. గొర్రెలు బెదిరి అరిచాయి. వార్డుకున్న పెరటి తలుపు తోసుకుని తెల్ల చొక్కా మనిషి లోపలికి వచ్చాడు. నుదుట విభూతి, ముఖమంతా నవ్వు. వెనక ఇద్దరు బలమైన మనుషులు.

"ఏం కామయ్యా, బాగుండావా? నమస్తే మేడం, నా పేరు శాంతికుమార్. మా సిలిండర్ ఒకటి ఇక్కడ ఉండిపోయింది. గిరాకీ ఎక్కువగా ఉండాది, తీసుకుపోదామని వచ్చినా."

రేణుకాదేవి స్టూలు లాగి సిలిండర్‌కు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"తీసుకుపోదువులే నాయనా. ముందర ఆ మాస్కు నీ ముక్కుకి పెట్టుకొని, ఇందులోంచి ఒక్క అయిదు నిమిషాలు గాలి పీల్చి చూపించు."

శాంతికుమార్ నవ్వు మెల్లగా ఆరిపోయింది. అతను కామయ్యను చూశాడు, ఖాళీ మంచాలను చూశాడు, వరండా తలుపు చూశాడు. తర్వాత వెనకనున్న మనిషికి కళ్ళతో ఏదో చెప్పాడు.

ఆ మనిషి డాక్టరూ కానిస్టేబులూ వెళ్ళిన వరండా వైపు నడిచి, తలుపు దగ్గరికి వేసి, లోపల్నుంచి గడియ పెట్టాడు.